పెరట్లో హాట్ టబ్ పెట్టిస్తున్నారా? ఏ వైరు, ఎంత గేజ్, ఎలా సరిచూసుకోవాలి

"హాట్ టబ్ వచ్చే వారం డెలివరీ. ఏ వైరు కొనాలి?" అమెరికాలో సొంతిల్లు కొనుక్కున్న మనవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. చిన్న జవాబు చెప్పేస్తాను. మామూలుగా దొరికే 240 వోల్టుల, 50 ఆంపుల టబ్‌కి 6 గేజ్ రాగి వైర్లు మూడు (నలుపు, ఎరుపు, తెలుపు), 10 గేజ్ ఆకుపచ్చ రాగి వైరు ఒకటి కావాలి. నాలుగూ టీహెచ్‌డబ్ల్యూఎన్-2 రకం (తడికీ వేడికీ తట్టుకునే తొడుగున్న వైరు), అంగుళం పీవీసీ కాండ్యూట్‌లో (వైర్లు దూర్చే గొట్టంలో) వెళ్లాలి. పదిళ్లలో ఎక్కువ ఇళ్లకి ఇదే సరిపోతుంది. మీ ఇల్లు ఆ లెక్కలోకి వస్తుందో లేదో తేల్చుకోవడానికే మిగతాదంతా.

ఒక మాట ముందే. పర్మిట్ తీసుకోకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. చాలా ఊళ్లలో ఇంటి యజమాని సొంతంగా చేసుకోవచ్చు, కొన్నిచోట్ల లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలి. సిటీ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. ఎన్‌ఈసీ (అమెరికా ఎలక్ట్రికల్ కోడ్) ఏ ఏడాది ఎడిషన్ అమల్లో ఉందో కూడా అప్పుడే కనుక్కోండి. హాట్ టబ్ నిబంధనలన్నీ అందులో ఆర్టికల్ 680లో ఉంటాయి. మెయిన్ ప్యానెల్ మూత తీసే పని మాత్రం అలవాటున్న ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి. మెయిన్ బ్రేకర్ ఆపేసినా, మీటర్ నుంచి వచ్చే లావుపాటి తీగల్లో కరెంటు ఉంటూనే ఉంటుంది.

ఊళ్లో నేర్చుకున్న లెక్కలు పక్కన పెట్టండి

ఇండియాలో ఇంటి వైరింగ్ చూసి పెరిగినవాళ్లు ఇక్కడ నాలుగు చోట్ల పొరబడతారు. మొదటిది ప్రాణాల మీదకి తెచ్చేది.

అక్కడ నల్ల వైరంటే న్యూట్రల్. ఇక్కడ నల్ల వైరులోనే కరెంటు ఉంటుంది, న్యూట్రల్ తెలుపు. నలుపే కదా అని చెయ్యి పెట్టొద్దు.

అక్కడ 230 వోల్టులంటే ఒక ఫేజ్, ఒక న్యూట్రల్. ఇక్కడ 240 అంటే రెండు హాట్ వైర్లు (నలుపు, ఎరుపు). ఒక్కొక్కదానికీ న్యూట్రల్‌కీ మధ్య 120, ఆ రెంటి మధ్య 240.

వైరు మందం అక్కడ చదరపు మిల్లీమీటర్లలో చెబుతారు, ఇక్కడ గేజ్‌లో. గేజ్ నంబరు తగ్గేకొద్దీ వైరు లావవుతుంది. 6 గేజ్ అంటే దాదాపు 13.3 చదరపు మిల్లీమీటర్లు. మన గీజర్‌కి వేసే 4 చదరపు మిల్లీమీటర్ల వైరుకి మూడింతల పైమాటే.

నాలుగోది ఎర్తింగ్. గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గూ పోసి ఎర్త్ పిట్ కట్టడం మనకి అలవాటు. టబ్ పక్కన ఒక రాడ్ దిగ్గొట్టి దానికి గ్రీన్ (గ్రౌండ్) వైరు కట్టేస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. రాడ్ దగ్గర నేల నిరోధం 25 ఓములు ఉందనుకోండి, 120 వోల్టులకి పారేది 5 ఆంపుల లోపే. దానికి 50 ఆంపుల బ్రేకర్ పడదు, టబ్ లోహ భాగాల్లో కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. అందుకే గ్రీన్ వైరు మెయిన్ ప్యానెల్ దాకా వెళ్లి తీరాలి.

కావలసినవి

ప్యానెల్ గ్యారేజ్‌లో, టబ్ 60 అడుగుల దూరంలో ఉన్న 50 ఆంపుల టబ్‌కి లెక్క ఇది. దూరం మారితే అడుగులు మార్చుకోండి.

- 6 గేజ్ టీహెచ్‌డబ్ల్యూఎన్-2 రాగి వైరు: నలుపు, ఎరుపు, తెలుపు, ఒక్కోటి 70 అడుగులు
- 10 గేజ్ ఆకుపచ్చ టీహెచ్‌డబ్ల్యూఎన్-2 రాగి వైరు: 70 అడుగులు
- అంగుళం షెడ్యూల్ 40 పీవీసీ కాండ్యూట్ భూమిలోకి, షెడ్యూల్ 80 (గోడ మరింత మందంగా ఉండేది) భూమిపైన దెబ్బ తగిలే చోట్లకి, వంపులు, పీవీసీ జిగురు
- 50 ఆంపుల జీఎఫ్‌సీఐ బ్రేకర్ (కరెంటు లీకైతే ఆపేసేది, మన ఆర్‌సీసీబీ లాంటిది) ఉన్న స్పా ప్యానెల్ (టబ్ దగ్గర పెట్టే చిన్న ప్యానెల్), వానకి తట్టుకునే పెట్టెతో
- మెయిన్ ప్యానెల్‌లోకి 50 ఆంపుల మామూలు డబుల్ పోల్ బ్రేకర్ (రెండు హాట్ వైర్లనీ ఒకేసారి ఆపేది), మీ ప్యానెల్ లేబుల్ మీద రాసిన కంపెనీ, మోడల్‌దే
- స్పా ప్యానెల్ నుంచి టబ్‌కి లిక్విడ్‌టైట్ ఫ్లెక్సిబుల్ కాండ్యూట్ (నీళ్లు చొరబడని, వంగే గొట్టం), దాని కనెక్టర్లు
- మల్టీమీటర్, టార్క్ స్క్రూడ్రైవర్ (స్క్రూ ఎంత గట్టిగా బిగిసిందో చూపించేది)

1. టబ్ నేమ్‌ప్లేట్ చదవండి

వైరు ఎంపిక దుకాణంలో మొదలవదు, టబ్ మాన్యువల్‌లో మొదలవుతుంది. డెలివరీకి ముందే డీలర్ నుంచి మాన్యువల్ తెప్పించుకుని మూడు సంగతులు రాసుకోండి: వోల్టేజ్, ఎన్ని ఆంపుల బ్రేకర్ పెట్టమన్నాడు, వైర్లు మూడా నాలుగా.

120 వోల్టుల ప్లగ్ టబ్ అయితే 15 లేదా 20 ఆంపుల సర్క్యూట్ చాలు. అయితే ఆ సర్క్యూట్ మీద ఇంకేమీ ఉండకూడదు, జీఎఫ్‌సీఐ రక్షణ ఉండాలి, ఎక్స్‌టెన్షన్ కార్డ్ వాడకూడదు. కొనేముందు ఒకటి లెక్కేసుకోండి. ఈ టబ్‌లలో హీటర్ సాధారణంగా 1 కిలోవాట్. 350 గ్యాలన్ల నీళ్లు 60 నుంచి 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి రావడానికి, మధ్యలో వేడి ఏమీ పోలేదనుకున్నా, 34 గంటలు. 5.5 కిలోవాట్ల హీటర్‌తో ఆ పని ఆరు గంటల పైచిలుకులో అవుతుంది. న్యూజెర్సీ చలిలో మూత తీసి కూర్చుంటే 120 వోల్టుల టబ్ చల్లబడుతూనే ఉంటుంది.

240 వోల్టుల టబ్‌లు ఎక్కువగా 50 ఆంపులు, కొన్ని 40, కొన్ని 60. కొన్ని మోడళ్లు స్పా ప్యానెల్‌లో 20 ఆంపులదొకటి, 30 ఆంపులదొకటి, రెండు జీఎఫ్‌సీఐ బ్రేకర్లు అడుగుతాయి. వాటికి అక్కడి నుంచి టబ్‌కి ఐదు వైర్లు వెళ్తాయి. ఈ మోడల్ కొని మామూలు 50 ఆంపుల స్పా ప్యానెల్ తెచ్చుకుంటే అది వృథాయే.

2. మెయిన్ ప్యానెల్ మోయగలదా?

ప్యానెల్‌లో ఖాళీ స్లాట్లు ఉన్నంత మాత్రాన సామర్థ్యం ఉన్నట్టు కాదు. 100 ఆంపుల పాత ప్యానెల్ మీద ఏసీ, ఎలక్ట్రిక్ స్టవ్, డ్రయ్యర్, పైగా 60 ఆంపుల బ్రేకర్ మీద ఎలక్ట్రిక్ కారు చార్జర్ ఉన్న ఇంట్లో టబ్ చేర్చే ముందు ఎలక్ట్రీషియన్ చేత లోడ్ లెక్క (ఇల్లు మొత్తం ఎంత కరెంటు లాగుతుందో) కాగితం మీద వేయించండి. పర్మిట్‌కి కూడా దాన్ని అడగొచ్చు. 200 ఆంపుల ప్యానెల్ ఉన్న కొత్త ఇళ్లలో సాధారణంగా ఇబ్బంది రాదు. అయినా కారు చార్జర్లు రెండుంటే లెక్క వేయించడమే మంచిది.

3. గేజ్ తేల్చుకోండి

ఎక్కువ వాదన జరిగేది ఇక్కడే. "8 గేజ్ రాగి 50 ఆంపులు మోస్తుంది కదా, 6 గేజ్ ఎందుకు దండగ?" అని అడుగుతారు. 75 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకునే టెర్మినళ్ల (వైరు బిగించే స్క్రూల) మీద 8 గేజ్ రాగికి ఎన్‌ఈసీ పట్టికలో 50 ఆంపులు ఉన్న మాట నిజమే. కానీ మూడు అడ్డంకులున్నాయి.

మొదటిది మాన్యువల్. చాలా టబ్ కంపెనీలు 6 గేజ్ అని స్పష్టంగా రాస్తాయి. ఇన్‌స్పెక్టర్ మాన్యువల్‌నే చూస్తాడు.

రెండోది ఎండ. పట్టికలోని అంకెలు 30 డిగ్రీల సెల్సియస్ వాతావరణానికి వేసినవి. టెక్సస్‌లోనో అరిజోనాలోనో గోడ మీద కాండ్యూట్ చుట్టూ వేడి 105 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, 8 గేజ్ టీహెచ్‌డబ్ల్యూఎన్-2 సామర్థ్యం 55ని (ఎండ లెక్కకి పట్టికలోని 90 డిగ్రీల అంకె తీసుకుంటారు) 0.87తో గుణించాలి. 48 ఆంపుల లోపుకి పడిపోతుంది. అదే వేడిలో 6 గేజ్‌కి ఇంకా 65 ఆంపులు మిగులుతాయి.

మూడోది దూరం. 100 అడుగుల దూరానికి 50 ఆంపుల మీద 6 గేజ్‌లో 5 వోల్టులు పోతాయి, అంటే 2 శాతం. 8 గేజ్‌లో దాదాపు 8 వోల్టులు, 3 శాతం దాటుతుంది. 150 అడుగులైతే 6 గేజ్ కూడా 3 శాతం దాటుతుంది కాబట్టి 4 గేజ్‌కి వెళ్లండి. అప్పుడు గ్రీన్ వైరు కూడా అదే నిష్పత్తిలో లావెక్కాలి. స్పా ప్యానెల్ స్క్రూలలో 4 గేజ్ పడుతుందో లేదో దాని లేబుల్ మీద చూసుకోండి.

60 ఆంపుల టబ్‌కి కూడా 6 గేజ్ టీహెచ్‌డబ్ల్యూఎన్-2 సరిపోతుంది, 75 డిగ్రీల టెర్మినళ్ల మీద దానికి 65 ఆంపులు. బ్రేకర్ పెంచి వైరు పెంచకపోవడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. 8 గేజ్ వైరు ఉన్నచోట మాటిమాటికీ పడిపోతోందని 50 తీసి 60 పెడితే, కాలేది వైరే.

4. వైరు రకం

గేజ్ సరిగ్గా తెచ్చి రకం తప్పు తెచ్చేవాళ్లే ఎక్కువ.

రోమెక్స్ అని పిలిచే ఎన్‌ఎం-బి కేబుల్ ఇంటి లోపల, తడి తగలని చోటకే. భూమిలో వేయకూడదు. కాండ్యూట్‌లో దూర్చి ఆరుబయట వేసినా తప్పే, ఎందుకంటే బయటి కాండ్యూట్ లోపలా తడి ప్రదేశం కిందే లెక్క. అటక మీదుగా 6/3 రోమెక్స్ (మూడు 6 గేజ్ వైర్లు, ఒక గ్రౌండ్ వైరు ఉన్నది) తెచ్చి, బయటి గోడ దగ్గర జంక్షన్ బాక్స్‌లో టీహెచ్‌డబ్ల్యూఎన్-2కి మారడం ఒప్పుకునే పద్ధతి. రోమెక్స్‌ని పట్టికలోని 60 డిగ్రీల వరుసలో లెక్కించాలి కాబట్టి 6/3కి 55 ఆంపులు, 8/3కి 40 మాత్రమే. 50 ఆంపుల బ్రేకర్‌కి 8/3 రోమెక్స్ కట్టడం ఇన్‌స్పెక్షన్‌లో ఫెయిలయ్యే తప్పు.

భూమిలో నేరుగా పూడ్చే యూఎఫ్ కేబుల్ చవగ్గా కనిపిస్తుంది. అందులో గ్రౌండ్ వైరుకి తొడుగు ఉండదు. బయటి టబ్‌కి వెళ్లే గ్రౌండ్ వైరు రాగిదై, దానికి ఇన్సులేషన్ ఉండి, 12 గేజ్‌కి తగ్గకుండా ఉండాలి. 50, 60 ఆంపుల బ్రేకర్లకి 10 గేజ్. అందుకని యూఎఫ్ వద్దు.

నాలుగూ నల్ల వైర్లే కొని చివర్లకి తెల్ల టేపు, పచ్చ టేపు చుట్టే పద్ధతి కూడా కుదరదు. 6 గేజ్, అంతకంటే సన్నటి వైర్లలో న్యూట్రల్, గ్రౌండ్ వైర్లకి రంగు మొదటి నుంచి చివరి దాకా ఉండాలి.

5. స్పా ప్యానెల్ ఎక్కడ పెట్టాలి

టబ్ లోపలి గోడ నుంచి కనీసం 5 అడుగుల దూరం. టబ్ దగ్గర నిలబడితే కనిపించాలి, 50 అడుగులు దాటకూడదు. గోడ మలుపు అవతల పెడితే దూరం సరిపోయినా చెల్లదు. నీళ్లలో కూర్చున్నవాళ్ల చేతికి అందకూడదు, రిపేరు చేసేవాడి కంటికి కనపడాలి. రెండూ కుదిరే చోటు వెతకండి.

అదే చేత్తో చుట్టూ ఓసారి చూడండి. టబ్‌కి 6 అడుగుల లోపు గోడకి మామూలు ప్లగ్ పాయింట్ ఉంటే మార్చాలి. 6 నుంచి 20 అడుగుల మధ్య ఒక 120 వోల్టుల ప్లగ్ పాయింట్ ఉండాలి, దానికి జీఎఫ్‌సీఐ ఉండాలి. కప్పు ఉన్న పాటియోలో పెడుతున్నవాళ్లు సీలింగ్ ఫ్యాన్ సంగతి మరిచిపోతారు. టబ్ పైనగానీ, దానికి 5 అడుగుల లోపుగానీ కొత్తగా ఫ్యానో లైటో బిగిస్తే నీటి మట్టానికి 12 అడుగుల ఎత్తున ఉండాలి. చాలా పాటియో కప్పులు అంత ఎత్తే ఉండవు కాబట్టి టబ్‌నే జరపడం సులువు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే కరెంటు తీగల కింద టబ్ పెట్టొద్దు.

6. కందకం, కాండ్యూట్

తవ్వడానికి రెండు మూడు పనిదినాల ముందు 811కి ఫోన్ చేయండి. ఉచితంగా వచ్చి గ్యాస్, కరెంటు లైన్లకి గుర్తులు పెడతారు. మీ స్ప్రింక్లర్ గొట్టాలకి మాత్రం గుర్తులు పెట్టరు, అవి మీరే చూసుకోవాలి.

పీవీసీ కాండ్యూట్ పైన కనీసం 18 అంగుళాల మట్టి ఉండాలి. కాండ్యూట్ పైభాగం నుంచి కొలవాలి, కందకం అడుగు నుంచి కాదు. అందుకని 20 అంగుళాలు తవ్వండి. ముప్పావు అంగుళం షెడ్యూల్ 40లో ఈ నాలుగు వైర్లూ లెక్కకి పడతాయి, షెడ్యూల్ 80లో పట్టవు, దాని గోడ మందం. మొత్తం అంగుళానిదే వేస్తే లాగేటప్పుడు చేతులు నొప్పెట్టవు. ఒక బాక్సు నుంచి ఇంకో బాక్సుకి మధ్య వంపులన్నీ కలిపి 360 డిగ్రీలు దాటకూడదు, అంటే 90 డిగ్రీల ఎల్‌బోలు నాలుగు.

ఇన్‌స్పెక్టర్ చూసి సంతకం పెట్టేదాకా కందకం పూడ్చకండి. పూడ్చేసి మళ్లీ తవ్వాల్సి వచ్చినవాళ్లు చాలామంది.

7. కనెక్షన్లు, మెయిన్ ప్యానెల్ నుంచి టబ్ దాకా

మెయిన్ ప్యానెల్‌లో నలుపు, ఎరుపు 50 ఆంపుల డబుల్ పోల్ బ్రేకర్‌కి, తెలుపు న్యూట్రల్ బార్‌కి, ఆకుపచ్చ గ్రౌండ్ బార్‌కి. స్పా ప్యానెల్‌లో వచ్చే నలుపు, ఎరుపు లైన్ టెర్మినళ్లకి (కరెంటు వచ్చే వైపు), తెలుపు న్యూట్రల్ బార్‌కి, ఆకుపచ్చ గ్రౌండ్ బార్‌కి. ఇక్కడ న్యూట్రల్ బార్‌నీ గ్రౌండ్ బార్‌నీ కలపకూడదు. ఆ రెంటినీ కలపడానికి స్పా ప్యానెల్‌తో పాటు వచ్చే బాండింగ్ స్క్రూ ఉంటే బిగించకండి.

ఇప్పుడు ఈ పని మొత్తంలో ఎక్కువ మంది తప్పే చోటు. జీఎఫ్‌సీఐ బ్రేకర్ నుంచి స్ప్రింగులా చుట్టిన తెల్ల తీగ ఒకటి వేలాడుతుంటుంది. అది న్యూట్రల్ బార్‌కి వెళ్లాలి. టబ్ నుంచి వచ్చే తెల్ల వైరు మాత్రం బార్‌కి కాదు, బ్రేకర్ మీదే ఉండే న్యూట్రల్ స్క్రూకి. రెండూ తెల్లవే కదా అని టబ్ న్యూట్రల్‌ని కూడా బార్‌కి కట్టేస్తే, పంపో ఓజోనేటరో (నీళ్లు శుభ్రం చేసేది) ఆన్ కాగానే బ్రేకర్ పడిపోతుంది. వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానమా కాదా అన్నదే జీఎఫ్‌సీఐ చూసేది. న్యూట్రల్ పక్కదారిన వెళ్తే దానికి తేడా కనిపిస్తుంది. 5 మిల్లీఆంపుల తేడాకే అది పడిపోతుంది, మన ఇళ్లలో పెట్టే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ కంటే చాలా సున్నితం. కొత్త టబ్ పాడైందని డీలర్‌తో గొడవపడే ముందు ఈ ఒక్క తెల్ల వైరు చూడండి.

టబ్ మూడు వైర్లదైతే (న్యూట్రల్ అక్కర్లేనిది) బ్రేకర్ మీది న్యూట్రల్ స్క్రూ ఖాళీగా ఉంటుంది. అయినా చుట్టిన తీగ బార్‌కి వెళ్లాల్సిందే, మెయిన్ ప్యానెల్ నుంచి తెల్ల వైరు రావాల్సిందే. అది లేకపోతే టెస్ట్ బటన్ పనిచేయకపోవచ్చు.

ప్రతి స్క్రూనీ లేబుల్ మీద రాసిన టార్క్‌కి బిగించండి. వదులు కనెక్షన్ మొదటి రోజు తెలియదు. కొన్ని నెలలకి ప్లాస్టిక్ మాడిన వాసనగా తెలుస్తుంది.

8. బాండింగ్

గ్రౌండ్ వైరు వేరు, బాండింగ్ వేరు. టబ్ చుట్టూ ఉన్న లోహాలు, కాంక్రీటు ఒకే వోల్టేజ్ దగ్గర ఉండేలా 8 గేజ్ ఏకతీగ రాగితో కలపడమే బాండింగ్. నీళ్లలో ఒక కాలు, తడి కాంక్రీటు మీద ఒక కాలు పెట్టినప్పుడు జిల్లుమనకుండా కాపాడేది ఇదే. ఆరుబయట నేల మీద పెట్టే లిస్టెడ్ (భద్రతా పరీక్షలో ఆమోదం పొందిన) రెడీమేడ్ టబ్‌ని కంపెనీ చెప్పినట్టు బిగించి, దాని అంచు, చుట్టూ 30 అంగుళాల లోపు ఉన్న నేలకి కనీసం 28 అంగుళాల ఎత్తున ఉంటే, చుట్టూ బాండింగ్ వలయం నుంచి మినహాయింపు ఉంది. డెక్‌లోకి దించి అంచు సమానంగా పెట్టాలనుకుంటే మినహాయింపు పోతుంది. దిగడానికి బాగుంటుందని చుట్టూ ఎత్తుగా డెక్ కట్టించేవాళ్లూ ఇది గుర్తుపెట్టుకోండి.

9. సరిచూసుకోవడం

టబ్ వైర్లు ఇంకా కట్టకముందే, స్పా ప్యానెల్ బ్రేకర్ ఆన్ చేసి మల్టీమీటర్‌తో లోడ్ వైపు (టబ్ వైర్లు బిగించే వైపు) కొలవండి. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్ కొలుస్తుంటే పక్కన నిలబడి అంకెలు రాసుకోండి.

- నలుపు, ఎరుపు మధ్య: 228 నుంచి 252. సున్నా వచ్చి, న్యూట్రల్‌కి మాత్రం రెండూ 120 చూపిస్తే మెయిన్ ప్యానెల్‌లో రెండు హాట్ వైర్లూ ఒకే లెగ్ మీద (రెండు 120 వోల్టుల లైన్లలో ఒకదాని మీదే) ఉన్నాయి. డబుల్ పోల్ బదులు టాండెమ్ బ్రేకర్ (ఒకే స్లాట్‌లో రెండు బ్రేకర్లు ఇమిడేది) పెడితే ఇలా అవుతుంది.
- ఒక్కో హాట్ నుంచి న్యూట్రల్‌కి, గ్రౌండ్‌కి: 114 నుంచి 126. ఒకటి 140, ఇంకొకటి 100 చూపిస్తే న్యూట్రల్ వదులుగా ఉంది. వెంటనే ఆపండి, లేకపోతే కంట్రోల్ బోర్డు కాలిపోతుంది.
- న్యూట్రల్, గ్రౌండ్ మధ్య: సున్నాకి దగ్గరగా.

అంకెలు సరిపోయాక బ్రేకర్ ఆపి టబ్ వైర్లు కట్టండి. నీళ్లు నింపిన తరువాతే మళ్లీ ఆన్ చేయండి, నీళ్లు లేకుండా హీటర్‌కి కరెంటిస్తే అది మాడిపోతుంది. ఆన్ చేయగానే టెస్ట్ బటన్ నొక్కండి. బ్రేకర్ టక్కున పడాలి, టబ్ ప్యానెల్ లైటు ఆరిపోవాలి. పడకపోతే ఎవరినీ నీళ్లలో దిగనివ్వకండి.

హీటర్, పంపులు అన్నీ నడుస్తుండగా వోల్టేజ్ మళ్లీ కొలిపించండి. ఏమీ నడవనప్పుడు 240 ఉన్నది 233 కంటే కిందకి పడితే, వైరు సన్నమైనా అయి ఉండాలి, ఎక్కడో కనెక్షన్ వదులైనా అయి ఉండాలి. గంట నడిచాక రెండు బ్రేకర్ల మీదా చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉండటం మామూలే, చెయ్యి పెట్టలేనంత వేడి మామూలు కాదు.

కొన్ని వారాలు బాగా నడిచి తరువాత బ్రేకర్ పడటం మొదలైతే తప్పు చాలావరకు వైరింగ్‌ది కాదు. ఎలక్ట్రీషియన్ బ్రేకర్ ఆపి, హీటర్ తీగలు రెండూ విడదీసి, మళ్లీ ఆన్ చేస్తాడు. అప్పుడు నిలబడితే హీటర్ ఎలిమెంట్ లీకవుతోంది. అప్పటికీ పడిపోతే ఓజోనేటర్, పంపులు ఒక్కొక్కటీ అలాగే విడదీసి చూడాలి. ఇక టెస్ట్ బటన్ నెలకోసారి మీరే నొక్కండి, ఆ తేదీని స్పా ప్యానెల్ మూత లోపలే రాసి పెట్టుకోండి.